సూర్యుడు పగిలిన వారం

మే నెలలో ఒక సాయంత్రం నేను పని నుంచి వచ్చేసరికి, మా వరుసలో చివరి గదిలో ఉండే అవ్వ లోపలి నుంచి గడియ పెట్టుకుని ఉంది. వెలుతురు ఉండగా తలుపు మూసుకోవడం బొంబాయిలో వరండా వెంట వరుసగా గదులుండే మా చాల్‌లో ఎవరికీ అలవాటు లేదు. మూశారంటే ఒంట్లో బాగాలేదనో, ఇంట్లో గొడవ జరిగిందనో అనుకుంటారు. కిటికీ ఊచలకు తడి దుప్పటి వేలాడుతోంది. దాని అంచు నుంచి నీళ్లు కారి వరండాలో మడుగు కట్టాయి. తలుపు తట్టాను.

"నేను తలుపు తియ్య బిడ్డా," అంది లోపలి నుంచి. "సూర్యుడు పగిలిండట. బయటికి రావద్దన్నరు."

"ఎవరన్నరవ్వా?"

"కింద టీవీల చెప్పిన్రు. మోబైల్ల గూడ వచ్చింది. గుండెల మిషన్ ఉన్నోళ్లకు ఖత్రా అంట. నువ్వు గూడ లోపలికి పో."

అవ్వకు అంతకు ముందు చలికాలంలో పేస్‌మేకర్ పెట్టారు. ఆస్పత్రిలో ఆమె పక్కన కూర్చున్నది నేనే. ఆమెకు పిల్లలు లేరు. పాలమూరు వైపు ఒక ఊళ్లో అన్న కొడుకు ఉన్నాడు. నాకూ అప్పటికి ఎవరూ లేరు. మా అమ్మ ఆ ముందటి వానల్లో పోయింది. నేను పెళ్లి చేసుకోలేదు. పక్క గల్లీలో బ్యాగులు కుట్టే కార్ఖానాలో ఆర్డర్లు చూసుకునే పని నాది. బిల్డింగ్ పడగొట్టి కొత్తది కడతారన్న మాట మొదలైనప్పటి నుంచి మా తెలుగువాళ్లంతా ఒక్కో కుటుంబంగా శివార్లలోని నాలాసోపారాకీ, కళ్యాణ్‌కీ వెళ్లిపోయారు. మా అంతస్తులో తెలుగు మాట్లాడేవాళ్లం ఇద్దరమే మిగిలాం. కింద అంతస్తులో ఒకటి రెండు ఇళ్లున్నా, అక్కడి పిల్లలు తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తారు. అందుకని రోజూ సాయంత్రం నేను అవ్వ గడప దగ్గర కూర్చుని టీ తాగేదాన్ని. ఆ మాత్రం తెలుగు నోట్లో పడితేనే నాకు రోజు గడిచినట్టుండేది.

సూర్యుడి సంగతి నాకు కొంచెం తెలుసు. అదీ చదువుకుని తెలుసుకున్నది కాదు. అమ్మ పోయాక ఒక ఆదివారం దాదర్‌లో తెలుగులో ఉపన్యాసం ఉందని విని వెళ్లాను. కాసేపు తెలుగు వినబడితే చాలనిపించింది. చెప్పే ఆయన వంకాయ కూర గురించి మాట్లాడినా కూర్చుని వినేదాన్నే. పని మానేసిన ఫిజిక్స్ లెక్చరర్ ఆయన. ముందు వరుస తప్ప కుర్చీలన్నీ ఖాళీ. అయినా హాలు నిండినట్టే గొంతెత్తి చెప్పాడు. సూర్యుడి మీద మచ్చలుంటాయనీ, దాదాపు పదకొండేళ్లకు ఒకసారి అవి బాగా పెరిగి మళ్లీ తగ్గుతాయనీ, అవి ఎక్కువగా ఉన్న ఏళ్లలో అక్కడ మంటలు లేచి, ఒక్కోసారి వేడి పదార్థం మబ్బులా విడిపోయి మన వైపు వస్తుందనీ చెప్పాడు. దాన్ని సౌర తుఫాను అంటారన్నాడు. తుఫాను అన్నాం కదా అని ఇళ్ల కప్పులు లేచిపోవని నవ్వాడు. చివర్లో అందరికీ గ్రహణం చూసే నల్ల కళ్లద్దాలు పంచాడు.

ఆ చదువుతోనే తలుపు బయట నిలబడి అవ్వకు చెప్పబోయాను.

"సూర్యుడు పగలలేదవ్వా. పొంగిండు. పాలు పొంగినట్టు."

"పొంగితే మీద పడతది గదా?"

"మనం చాన దూరం ఉన్నం. మధ్యల గాలి ఉన్నది. భూమి ఒక పెద్ద అయస్కాంతం, అది అడ్డం పడతది."

లోపల అడుగులు తలుపు దగ్గరికి వచ్చాయి. తర్వాత గొంతు మారింది.

"చుంబక్ దగ్గరికి పోవద్దని డాక్టర్ చెప్పలే నాకు? నువ్వే ఉంటివి గదా అప్పుడు. భూమే చుంబక్ అంటవేంది మళ్ల?"

తెలియదని ఒప్పుకున్నాను. రేపు ఆస్పత్రికి పోయి అడుగుదామన్నాను. తలుపు తీయకుండానే సరే అంది.

ఆ సాయంత్రమే, నేను బియ్యం కడుగుతుండగా బిల్డింగ్ అంతా కరెంటు పోయింది. వరండాల్లోకి జనం వచ్చేశారు. వచ్చేసింది, వచ్చేసింది అని ఎవరో హిందీలో అరిచారు. నేనూ అదే అనుకున్నాను. ఉపన్యాసంలో విన్నదొక్క ముక్కా గుర్తు రాలేదు. గిన్నె పట్టుకునే బయటికొచ్చి చూస్తే, ఎదురు గల్లీలో లైట్లన్నీ వెలుగుతున్నాయి. మా మీటర్ల గదిలో ఫ్యూజ్ పోయిందట. బాగుచేసి లైట్లు వచ్చాక అందరూ నవ్వుకుంటూ లోపలికెళ్లారు. అవ్వ తలుపు మాత్రం తెరుచుకోలేదు. నేను నా గదిలోకి పోయి, అన్నం వండుకుని ఒక్కదాన్నే తిన్నాను.

పొద్దున టాక్సీ దాకా అవ్వ నా చేయి గట్టిగా పట్టుకుని నడిచింది. పైట తల మీదుగా లాక్కుని, ఎండ పడ్డచోటల్లా అడుగు తొందర చేసింది. ఆస్పత్రిలో మిషన్ పరీక్ష చేసే అమ్మాయి మరాఠీ పిల్ల. అవ్వ ఛాతీ మీద ఏదో పరికరం ఆనించి, ఎదుట తెర చూసి, అంతా బాగుందని చెప్పింది. సౌర తుఫాను గురించి నేను అడిగాను. నా మొహం చూసి నవ్వుతుందనుకున్నాను కానీ నవ్వలేదు. ఆ వారం అందరూ ఇదే అడుగుతున్నారట. నేల మీద ఉన్నవాళ్ల మిషన్లకు దానివల్ల ఏమీ కాదంది. భూమి అయస్కాంతమే కానీ, దిక్సూచి ముల్లును కదిపేంత బలమే దానిది, ఫ్రిజ్ మీద అంటించే బొమ్మ వెనక ఉండే అయస్కాంతం అంతకన్నా గట్టిదని అవ్వకు మెల్లగా మరాఠీలో వివరించింది.

తర్వాత ఉన్నట్టుండి అవ్వను అడిగింది. "ఆజీ, మొబైల్ ఎక్కడ పెట్టుకుంటారు?"

అవ్వ జాకెట్‌లోంచి ఫోన్ తీసింది. ఎడమ వైపు, సరిగ్గా మిషన్ మీద.

అమ్మాయి ఫోన్ తీసుకుని అవ్వ చేతి సంచిలో వేసింది. ఫోన్‌ను ఛాతీకి జానెడు దూరంలో పెట్టుకోవాలనీ, మాట్లాడేటప్పుడు కుడి చెవికి పెట్టుకోవాలనీ చెప్పింది. ఆ మాట మిషన్ పెట్టినప్పుడు కూడా చెప్పే ఉంటారు. మేమిద్దరం వినిపించుకున్నట్టు లేదు.

తిరుగు టాక్సీలో అవ్వ సంచి పక్కన పెట్టుకుని కూర్చుంది. గ్రాంట్ రోడ్ స్టేషన్ దాటాక తనలో తానే నవ్వింది.

"సూర్యునికి దుప్పటి కట్టిన. మోబైల్‌ను గుండెల మీద పెట్టుకున్న."

"ఎందుకట్ల పెట్టుకుంటవవ్వా?"

"పిలగాడు ఎప్పుడు చేస్తడో ఎరుక గాదు గదా. సంచిల ఉంటే ఇనపడదు. గీడుంటే ఒణుకుతది, తెలుస్తది."

అన్న కొడుకు ఫోన్ ఎప్పుడో గానీ రాదు. ఆ సంగతి నాకు తెలుసు.

ఇంటికొచ్చాక దుప్పటి తీసి ఆరేసింది. అప్పుడు అడిగింది, "అయితే అంత అబద్ధమేనా?"

అబద్ధం కాదన్నాను. తుఫాను నిజంగానే వచ్చింది. ఇలాంటప్పుడు ఎక్కడో విమానాల, ఓడల రేడియోలు గరగరలాడతాయి. దారి చూపించే యాప్‌లు కొంచెం పక్కకు చూపిస్తాయి. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలను కాసేవాళ్లకు నిద్ర ఉండదు. ధ్రువాల దగ్గరి దేశాల్లో కరెంటు వాళ్లు జాగ్రత్తపడతారు. బొంబాయిలో లోకల్ రైళ్లు ఎప్పటిలాగే జనంతో కిక్కిరిసి నడిచాయి.

"నాకు సూపిస్తవా?" అంది.

మర్నాడు పొద్దున, ఎండ ముదరకముందే, మిద్దె మీద నీళ్ల ట్యాంకు పక్కకు తీసుకెళ్లాను. మెట్ల మీద రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంది. నల్ల కళ్లద్దాల మీద గీత గానీ చిల్లు గానీ లేదని వెలుతురుకు ఎత్తి చూసి, అప్పుడు ఆమెకు పెట్టాను. ముందు ఏమీ కనబడలేదంది. నేను గడ్డం పట్టుకుని తల కొంచెం తిప్పాను.

"నారింజ పండు లెక్క ఉన్నడు," అంది. కాసేపటికి, "మీద ఈగ వాలింది."

"అదే మచ్చ. ఆ తుఫాను లేసింది ఆడికెల్లే. మన భూమి కన్న చాన పెద్దదది."

అవ్వ అద్దాలు తీయలేదు. తల ఎత్తి అలాగే నిలబడింది. పక్క మిద్దె మీద బట్టలారేస్తున్నావిడ మమ్మల్ని వింతగా చూసింది.

"గంత పెద్దది, గంత దూరంల ఉండి, ఏరి ఏరి నా మిషన్ మీదికే వస్తదనుకున్న సూడు," అంది అవ్వ చివరికి. ఇద్దరం నవ్వాం. అమ్మ పోయాక నేను అంత నవ్వింది అప్పుడే.

తర్వాతి రోజుల్లో లడాఖ్‌లో ఆకాశం ఎర్రబడిన ఫోటోలు ఫోన్లలో తిరిగాయి. ప్రళయం అని కింద రాసి పంపారు. అది గాలి పైపొరల్లో పుట్టే వెలుతురనీ, దానివల్ల మనకేం కాదనీ చాల్ గ్రూపులో హిందీలో రాశాను. ఎవరో ఒకరు బొటనవేలి బొమ్మ పెట్టారు.

వానలు మొదలయ్యే ముందు అన్న కొడుకు వచ్చాడు. బిల్డింగ్ ఖాళీ చేయించేలోపే మేనత్తను ఊరికి తీసుకుపోతానన్నాడు. మంచివాడే. ఫోన్లు చేయడం తెలియదంతే. అవ్వ సామాను రెండు సంచుల్లో సర్దాను. బస్సు ఎక్కేటప్పుడు, "నువ్వు గూడ రారాదు బిడ్డా," అంది. రాలేనని ఇద్దరికీ తెలుసు. నాకు ఆ ఊళ్లో ఎవరూ లేరు. ఇక్కడా లేరు గానీ, ఇక్కడ పని ఉంది.

మొదట్లో సాయంత్రాలు ఫోన్ చేసేది. "ఇయ్యాల సూర్యుడు ఎట్లున్నడు?" అని అడిగేది. అంతరిక్ష వాతావరణం చెప్పే ఒక పేజీ ఫోన్‌లో చూసి, ఇయ్యాల నిమ్మళంగ ఉన్నడనో, కొంచెం చిరచిరలాడుతున్నడనో చెప్పేదాన్ని. చాలా రోజులు నిమ్మళంగానే ఉండేవాడు. తర్వాత ఫోన్లు తగ్గాయి. ఆమెకు చెవులు సరిగ్గా వినబడటం లేదని అన్న కొడుకు ఒకసారి చెప్పాడు.

కిందటి నెలలో ఆమెకు నేనే ఫోన్ చేశాను. సగం మాటలు తెగిపోయాయి.

"ఇనపడతలేదు బిడ్డా. సూర్యుడేనా?"

"కాదవ్వా. మీ ఊరి టవర్."

"ఏంది?"

"టవర్ అవ్వా, టవర్!"

వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరి దాకా వినబడేలా అరిచాను. అందరూ ఖాళీ చేసి పోయారు, అన్నీ తాళాలు వేసిన గదులే కాబట్టి ఎవరూ బయటికి రాలేదు. అవతల ఆమె ఏదో అంది, మధ్యలోనే లైను పోయింది. మళ్లీ చేస్తుందేమోనని కాసేపు అక్కడే నిలబడి, తర్వాత లోపలికి వచ్చి లైటు వేసుకున్నాను.