రేసు సార్ గళ్ల జెండా

మొన్న హన్మకొండ చౌరస్తాలో పచ్చలైటు పడగానే ఒక కుర్రాడు వెనక చక్రం గిర్రున తిప్పి బైకును ఉరికించాడు. కాలిన రబ్బరు వాసన గుప్పుమంది. పక్క ఆటోలోని ఆవిడ ముక్కు మూసుకుని తిట్టింది. నేను మాత్రం ఆ గాలిని నిండా పీల్చుకున్నాను. ఆ వాసన తగిలితే చాలు, నాకు రాజలింగం సార్ గుర్తొస్తారు. రేసు ట్రాకు వాసన అచ్చం ఇలాగే ఉంటుందని ఆయనే చెప్పారు.

సార్ వరంగల్ కొత్తవాడలో మా పక్కింట్లో ఉండేవారు. మా బడిలో లెక్కలు చెప్పేవారు. చుట్టూ జంపఖానాలు నేసే ఇళ్లు. వాటి మధ్య కార్ల రేసుల పిచ్చి పట్టిన మనిషి ఆయనొక్కరే. ముందుగదిలో అద్దాల బీరువా నిండా బొమ్మకార్లు, పాత టికెట్లు, విదేశీ పత్రికలు, ఏ రేసుకారులోదో ఒక స్పార్క్ ప్లగ్గు. ఏ రేసులో ఎవరు ముందు వరసలో నిలబడ్డారు, ఎవరికి చివరి రౌండులో పెట్రోలు అయిపోయింది, నిద్రలో లేపి అడిగినా చెప్పేవారు. ఇంతా చేసి, ఆయన స్కూటర్ నడిపే తీరుకు సైకిళ్లు కూడా దాటిపోయేవి. వాడంతా ‘రేసు సార్’ అని ఆటపట్టిస్తే మురిసిపోయేవారు.

తప్పు మాత్రం సహించేవారు కాదు. ఓసారి నేను ఏదో రేసు గురించి మాట్లాడుతూ ‘యాభై రౌండ్లకు అటూ ఇటుగా’ అన్నాను. ‘‘అటా, ఇటా? జర చూసి చెప్పు’’ అని పత్రికల దొంతర నా ముందు పెట్టారు. దొరికేదాకా లేవనివ్వలేదు. తర్వాత నాకు పేపర్లో ఆటల పేజీ ఉద్యోగం వచ్చిందని చెబితే ఆయన అభినందన కూడా అలాగే ఉంది. ‘‘గెలిచినోని పేరు అందరు రాస్తరు బిడ్డా. మూడో స్థానంల వచ్చినోనికి నువ్వు రాసే ఒక్క లైనే దిక్కు. ఆ లైన్ల తప్పు రావద్దు.’’ ఆ మాట పట్టుకునే ఇన్నేళ్లు పని చేశాను.

ఆయన సొత్తులో ప్రాణమంతా ఒక జెండా మీద ఉండేది. చదువుకునే రోజుల్లో మద్రాసు దగ్గర పాత రన్‌వే మీద రేసు చూడటానికి వెళ్లారట. రేసు ముగిసిందని ఊపే నలుపు తెలుపు గళ్ల జెండాను, ఈయన ఉత్సాహం చూసి, ఊపిన పెద్దమనిషే చేతికిచ్చాడట. అంచున పెన్నుతో ఆ పెద్దమనిషి సంతకం, తేదీ. మధ్యలో ఆయిలు వేలిముద్రలు. చెన్నైలో పాత రేసుల వస్తువులు ప్రదర్శనకు పెడుతున్న ఒకాయన ఈ సంగతి విని, దసరా వెళ్లాక వచ్చి తీసుకెళ్తానన్నాడు. ‘‘జెండా కింద నా పేరు, వరంగల్ అని రాస్తరట’’ అని సార్ కనబడ్డ వాళ్లందరికీ చెప్పారు. రేసుల చరిత్రలో ఒక మూలనైనా తన పేరుండాలన్నది ఆయన జీవితకాలపు కోరిక.

దసరా రోజు పొద్దున నేను వెళ్లేసరికి ఆయుధపూజ కోసం కడిగిన స్కూటర్ వాకిట్లో మెరుస్తోంది. దాని హ్యాండిల్‌కు జెండా కట్టి ఉంది. తెలుపు తళతళలాడుతోంది, నలుపు బూడిదరంగుకు దిగింది. సంతకం లేదు, వేలిముద్రలు లేవు. నాలుగు మూలలా పసుపు, కుంకుమ. సార్ భార్య ప్రమీల పెద్దమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ‘‘బయటి మనిషి వస్తాండు, మాసిన గుడ్డ చూపెడ్తరా? సోడాల నానబెట్టి ఉతికిన. మీ సారుకు దేవుని లెక్క గదా, పూజకు పెట్టిన.’’ సార్ సంతకం ఉండాల్సిన అంచును చేత్తో తడిమి, ‘‘మంచిగున్నది’’ అన్నారు.

చెన్నై ఆయన వచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. సంతకం ఏదని అడిగాడు. సార్ వంటింటి వైపు చూసి, గొంతు తగ్గించి, ‘‘ఉండె. ఇప్పుడు లేదు’’ అన్నారు. సంతకం లేకుండా ప్రదర్శనలో పెట్టలేనని ఆయన బాధగానే చెప్పాడు. అంతలో పెద్దమ్మ చాయ్ తెచ్చి, ‘‘తీస్కపోతాండా?’’ అని అడిగింది.

‘‘లేదు. అది అసలుది కాదట. డూప్లికేట్. అప్పట్ల నన్ను ఎవడో మోసం చేసిండు’’ అన్నారు సార్.

ఒక రౌండు లెక్క తప్పితే పేపరాఫీసుకు ఫోన్ చేసే మనిషి, తన చరిత్రను తనే చెరిపేసుకున్నారు. ‘‘పోనియ్యి, మనకాడనే ఉంటది’’ అంది పెద్దమ్మ.

ఇప్పుడు సార్ లేరు. రేసులంటే ఇష్టమున్న పిల్లలు అప్పుడప్పుడు బీరువా చూడటానికి వస్తుంటారు. పెద్దమ్మ అన్నీ చూపించి, ‘‘జెండా ఒక్కటి డూప్లికేట్’’ అని చెబుతుంది. ఒకరోజు ఇద్దరమే ఉన్నప్పుడు నిజం చెప్పేయాలనిపించి, ‘‘పెద్దమ్మా, ఆ జెండా...’’ అని మొదలుపెట్టాను.

‘‘ఎరుకే బిడ్డా’’ అంది. ‘‘అబద్ధం చెప్తే ఆయన చెవులు ఎర్రగైతయి. ఆ రోజు చూసిన.’’

‘‘మరి అందరికీ డూప్లికేట్ అని ఎందుకు చెప్తున్నవ్?’’

‘‘నాకోసమే గదా అన్నడు. ఆయన మాట నేనెట్ల తప్పు చేస్త?’’

ఆటల పేజీలో ఇప్పటికీ ఒక్క అంకె తప్పు పోనివ్వను. ఆ ఇంట్లో మాత్రం, జెండా నిజంగా డూప్లికేటేనా అని ఎవరైనా నన్ను అడిగితే, అవుననే చెబుతాను.