నేను విప్పిన బూట్లు

నాకు కోపం ఎక్కువ. ఇంట్లో వాళ్లు ఆ మాట ముఖం మీదే అంటారు, క్లినిక్‌లో వాళ్లు నేను పక్కకు పోయాక అంటారు. విచిత్రమేమిటంటే పద్నాలుగేళ్లుగా నేను చేస్తున్నది కోపం ఏమాత్రం పనికిరాని పని. వంకర పాదాలతో పుట్టిన పసిబిడ్డలకు పిండికట్లు వేయడం. డాక్టరు గారు పాదాన్ని సవరించి పట్టుకుంటారు. నేను దూది చుట్టి, గోరువెచ్చని నీళ్లలో ముంచిన కట్టు చుడతాను. బిడ్డ ఏడిస్తే ఆగాలి, పాలు తాగుతుంటే ఆ సందు చూసి చుట్టాలి, ఒళ్లంతా తడిపేసినా నవ్వుతూ ఉండాలి. బిడ్డల దగ్గర అన్నీ ఓర్చుకుంటాను. నా కోపమంతా తల్లుల మీదికి పోతుంది.

మాది ఎమ్మిగనూరు. క్లినిక్ ఆదోనిలో, వారానికి ఒక్క రోజు. ఆ రోజు పొద్దున్నే బస్సెక్కితే, అందులో ఒళ్లో బిడ్డనీ, బిడ్డ కాళ్ల మీద తువ్వాలనీ పెట్టుకుని ఎవరో ఒకరు కనిపిస్తారు. ఎండాకాలంలో కూడా కాళ్లు కప్పి ఉన్నాయంటే మా దగ్గరికి వచ్చే బిడ్డే అని నాకు తెలిసిపోతుంది.

ఆ అమ్మాయిని కూడా అలాగే గుర్తుపట్టాను. నందవరం అవతల పల్లె. అక్కడినుంచి ఎమ్మిగనూరుకు ఆటోలో వచ్చి, ఆదోని బస్సెక్కింది. ఇరవై ఏళ్లుంటాయేమో. ఒళ్లో ఇరవై రోజుల ఆడపిల్ల. ఊళ్లో ఆశా కార్యకర్త చెప్పి పంపిందట. పక్కన కూర్చుని తువ్వాలు నేనే తీసి చూశాను. రెండు పాదాలూ లోపలికి మడుచుకుపోయి, అరికాళ్లు ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి. ఆమె గబుక్కున మళ్లీ కప్పేసింది.

"గ్రహణం నాడు నేను కాళ్లు ముడుసుకోని పండుకున్యానంట అక్కా. అందుకే పాపకు ఇట్లయినాయంట. మా అత్త సెప్తాది" అంది.

"గ్రహణమూ లేదు, గాడిదగుడ్డూ లేదు! ఎవరి తప్పూ లేకుండానే కొందరు పిల్లలు ఇలా పుడతారు. కాళ్లు బాగుచేసి మీ అత్తకు నేను చూపిస్తా ఉండు" అన్నాను. బస్సులో ముందు సీట్ల వాళ్లు కూడా తిరిగి చూశారు. ఆ రోజే నాకూ, నేనింకా చూడని ఆ అత్తకూ మధ్య ఒక పంతం మొదలైంది. బిడ్డ కాళ్లు బాగుపడాలన్నది ఒకటి, ఆమె నోరు మూయించాలన్నది ఇంకొకటి. రెండూ ఒకటే అనుకున్నాను.

ఈ వైద్యం పెద్ద చిక్కుదేమీ కాదు. పసిబిడ్డ పాదం లేతగా ఉంటుంది గనక వారం వారం కొంచెం కొంచెంగా తిప్పి, తిప్పినంత మేరకు కట్టు వేసి నిలబెడతాం. ఐదారు కట్లకు దారికొస్తుంది. చివర్లో మడమ వెనక బిగుసుకున్న నరాన్ని డాక్టరు గారు సన్నగా కోసి, మూడు వారాలు ఉండే ఆఖరి కట్టు వేస్తారు. అది విప్పాక బూట్లు. రెండు బూట్లనూ ఒక ఇనుప కడ్డీకి బిగించి ఉంటారు. మొదటి మూడు నెలలు స్నానానికి తప్ప విప్పకూడదు. ఆ తర్వాత నాలుగేళ్లు నిండేదాకా నిద్రపోయినప్పుడల్లా వేయాలి. కట్లు మా పని, బూట్లు తల్లి పని. బూట్లు మానేస్తే పాదం నెమ్మదిగా మళ్లీ లోపలికి తిరుగుతుంది. ఈ సంగతి చెప్పడం కూడా నా ఉద్యోగంలో భాగమే.

ఆ అమ్మాయి లాంటి తల్లిని నేను తక్కువ చూశాను. పాత కట్టును క్లినిక్‌కు వచ్చే రోజు పొద్దున మాత్రమే నానబెట్టాలి, ముందు రాత్రే తీసేస్తే పాదం వెనక్కు పోతుంది అని చెప్పాం. ఆమె ఎమ్మిగనూరు బస్టాండులో దిగాక సీసా నీళ్లతో కట్టు తడిపి, తడిగుడ్డ చుట్టి, ఒళ్లో పెట్టుకుని బస్సెక్కేది. ఆదోనిలో దిగేసరికి మోకాళ్ల దగ్గర చీరంతా తెల్లగా పిండి మరకలు. కాలివేళ్లు ఎర్రగా ఉన్నాయో, నీలంగా మారాయో గంటకోసారి చూసుకునేది. "వేళ్లు లోపలికి పోతాండాయక్కా" అని ఒకసారి వారం మధ్యలోనే ఎమ్మిగనూరులో మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది. చూస్తే కట్టు నిజంగానే జారింది. ఆ సంగతి విని డాక్టరు గారు ఆమెను మెచ్చుకుంటే, నేను పెంచిన పిల్లను మెచ్చుకున్నట్టు పొంగిపోయాను.

ఆఖరి కట్టు విప్పిన రోజు రెండు పాదాలూ ముద్దుగా, తిన్నగా ఉన్నాయి. ఆమె వాటిని చెంపలకు ఆనించుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, కానీ ముఖం బకెట్ వైపు తిప్పుకున్నాను. బూట్లు తొడిగాం. వెళ్లేముందు ఆమె ఒక కబురు చెప్పింది. కట్లు ఉన్నన్నాళ్లూ వాళ్ల అత్త పిల్లను తొట్లో వేయనివ్వలేదట. సిమెంటు కాళ్లతో బిడ్డను నలుగురికీ ఎట్లా చూపిస్తాం అందట. ఇప్పుడు తొట్లో వేస్తున్నారు, మేనమామ కాళ్లకు వెండి గొలుసులు తెస్తున్నాడు, నేను తప్పకుండా రావాలి.

పోకుండా ఎలా ఉంటాను?

ఆదివారం పొద్దున ఆటోలో పోయాను. ఇంటి ముందు షామియానా, పక్కింటి గోడ దాకా చుట్టాలు, పెద్ద గంపలో పంచడానికి గుగ్గిళ్లు. అత్తగారు నేననుకున్నట్టు రాక్షసి కాదు. గుమ్మం దాకా ఎదురొచ్చి, "రామ్మా, మా పాపకు కాళ్లు పెట్టిన తల్లివి నువ్వు" అని నా చేతులు పట్టుకుంది. నాకు కుర్చీ వేశారు. నేను గొప్పదాన్నైపోయాను.

తొట్టిలో వేసే ముందు మేనమామ గొలుసులు తీశాడు. మువ్వల గొలుసులు. పిల్ల కాళ్లకేమో బూట్లు, వాటి బెల్టులు, మధ్యన కడ్డీ. గొలుసు పెట్టే చోటు లేదు. అందరూ ఆగిపోయారు. ఆ అమ్మాయి నా వైపు చూసింది.

"అక్కా, ఏం సేద్దాం?"

నేను చెప్పాల్సింది ఒకటే మాట. గొలుసులు తొట్టికి కట్టండి, లేకపోతే స్నానం వేళ ఐదు నిమిషాలు పెట్టి తీసేయండి, బూట్లు మాత్రం కదలకూడదు అని. అందరి ముందూ, నా గట్టి గొంతుతో. అంతకుముందు ఎందరికో చెప్పిన మాటే. కానీ ఆ అత్త ముందు ఆ తిన్నని పాదాలు చూపించాలన్న సరదా నన్ను లాగేసింది. లేచి వెళ్లి బూట్లు నేనే విప్పాను. పిల్లను ఎత్తి, రెండు కాళ్లూ పట్టుకుని చుట్టూ చూపించాను.

"చూడండమ్మా, గ్రహణం పట్టిన కాళ్లు ఇవేనా?" అన్నాను.

ఆడవాళ్లందరూ నవ్వారు. అత్తగారు కూడా సిగ్గుపడి నవ్వి, పాదాలు ముట్టుకుని కళ్లకద్దుకుంది. గొలుసులు పెట్టారు, తొట్లో వేశారు, పాటలు పాడారు. నేను రెండు ఓళిగలు నెయ్యి వేసుకుని తిన్నాను. బయలుదేరేటప్పుడు ఆ అమ్మాయిని పక్కకు పిలిచి, "సాయంత్రం బూట్లు వేసెయ్, మర్చిపోవద్దు" అన్నాను. విప్పింది ఊరందరి ముందు. వేయమని చెప్పింది ఆమె చెవిలో. ఈ తేడా ఆ రోజు నాకు తట్టలేదు.

పదిహేను రోజులకు రావాల్సిన వాళ్లు రాలేదు. పంటల రోజులు, పత్తి ఏరుతుంటారులే అనుకున్నాను. రెండు నెలలు దాటాక ఒక రోజు అత్తాకోడళ్లు ఇద్దరూ వచ్చారు. బల్ల మీద పడుకోబెట్టి చూస్తే రెండు పాదాలూ లోపలికి తిరుగుతున్నాయి. ఎడమది మరీ ఎక్కువ. మడమ మళ్లీ పైకి లేచింది. మా చేతుల్లో తయారైన పాదాలు అలా పాడైపోతే కలిగే బాధ ఎలాంటిదో చెప్పలేను. నా బాధ ఎప్పుడూ కోపంగానే బయటికొస్తుంది.

"బూట్లు వేయలేదు కదూ? ఎన్నిసార్లు చెప్పాను నీకు? బిడ్డ ఏడిస్తే చూడలేకపోయావా? నువ్వు తల్లివేనా?" అని అరిచాను. బయట బెంచీల మీద కూర్చున్న పదిమందీ విన్నారు. ఆ అమ్మాయి తల వంచుకుని పిల్ల లాగు సర్దుతూ ఉండిపోయింది. అత్తగారు నా వైపు చూసి, "బాగ సెప్పమ్మా" అంది.

మళ్లీ మొదటినుంచి కట్లు మొదలుపెట్టాం. తర్వాతి వారం ఆ అమ్మాయి ఒక్కతే వచ్చింది. ఎమ్మిగనూరులో బస్సెక్కి నా పక్కనే కూర్చుంది. తడిగుడ్డ చుట్టిన పిల్ల కాళ్లను ఒళ్లో సర్దుకుంది. నేనే అడిగాను, ఎందుకలా చేశావు అని. ఈసారి మెల్లగానే అడిగాను.

"గొలుసులు తీయనీల్యా అక్కా. పాపను సూసేకి దినామూ ఎవురో ఒకరు వస్తాండ్రి. నేను బూట్లు ఏస్తానంటే, కాళ్లు బాగైనాయి గదా, ఇంగ ఆ ఇనప కడ్డీ ఎందుకు అనిరి. ఆ యమ్మే అందరి ముందర ఇప్పె, నీకు ఆ యమ్మ కంటే ఎక్కువ తెల్సునా అనిరి. రాత్రిపూట దొంగగా ఏస్తాంటి. పాప ఏడిస్తే మా అత్త లేసి ఇప్పుతాండె."

"మరి ఆ రోజు చెప్పలేదేం?"

"నువ్వు తిడ్తివి గదక్కా."

ఒక్క పూట బూట్లు తీస్తే పాదం పాడైపోదు, ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఆ పూట నేను విప్పిన బూట్లను మళ్లీ వేసే హక్కు ఆ ఇంట్లో ఆమెకు లేకుండా పోయింది. పైగా దానికి తిట్లు కూడా ఆమే పడింది.

చేయాల్సింది తేలికే. ఒక ఆదివారం ఆటో ఎక్కి వాళ్లింటికి పోయి, తప్పు నాదమ్మా, మీ కోడలిది కాదు అని అత్తగారికి చెప్పాలి. ఈ వారం పోదాం అనుకున్నాను. మా ఇంట్లో పని పడింది. ఆ తర్వాత వారం ఎండ అనుకున్నాను. కట్లు పూర్తయి పాదాలు మళ్లీ తిన్నగా అయ్యాక పోతే బాగుంటుంది కదా అని కూడా అనుకున్నాను. నాకు సిగ్గు. కాళ్లు పెట్టిన తల్లివి అన్న ఆమె దగ్గర ఆ పేరు పోగొట్టుకోవడానికి మనసొప్పలేదు. వంకలన్నీ దాని చుట్టూ అల్లుకున్నవే.

రెండోసారికి పిల్ల పెద్దదైంది, కాలు పట్టనివ్వలేదు, తన్నింది, గుక్కపట్టి ఏడ్చింది. కుడి పాదం దారికొచ్చింది. ఎడమది పూర్తిగా రాలేదు. ఈసారి బూట్లు ఒక్క రోజు కూడా మానలేదు. అత్తగారే దగ్గరుండి వేయించేదట. ఇప్పుడా పిల్లకు మూడేళ్లు దాటాయి. గలగలా మాట్లాడుతుంది, పరుగెత్తుతుంది. పరుగెత్తినప్పుడు ఎడమ పాదం బయటి అంచు మీద పడుతుంది. ఇంకొంచెం పెద్దయ్యాక కర్నూలులో ఆపరేషన్ చేయించాలని డాక్టరు గారు చెప్పారు.

పోయిన నెల ముగ్గురూ వచ్చారు. బయట బెంచీ మీద కొత్తగా కట్లు మొదలైన బిడ్డల తల్లులు ఇద్దరు ఉన్నారు. అత్తగారు వాళ్లకు బుద్ధులు చెబుతోంది.

"బూట్లు మాత్రం మానద్దండమ్మా. మా కోడలు సోమరితనం సేసి పాప కాలు పోగొట్టె. ఈ యమ్మ అప్పుడే గట్టిగ తిట్టె. అయినా ఏం లాభం?"

ఆ అమ్మాయి కింద కూర్చుని పిల్ల చెప్పులు విప్పుతోంది. తల ఎత్తలేదు. మూడేళ్లుగా ఈ మాట ఎన్ని చోట్ల విందో. నేను తడి చేతులతోనే బయటికి వచ్చాను.

"అది కాదమ్మా. తప్పు నాది. తొట్లో వేసిన రోజు బూట్లు విప్పింది నేను. నన్ను చూసే కదా మీరంతా విప్పారు. మీ కోడలు వేస్తానంటే మీరే వేయనివ్వలేదు. ఆమె తప్పేమీ లేదు" అన్నాను.

అత్తగారు నన్నే చూసి, చిన్నపిల్లను బుజ్జగించినట్టు నా భుజం తట్టింది. "నీ మంచితనమమ్మా అది. తప్పును నీ మీద ఏసుకుంటాండావు. మా ఇంటిదాన్ని నాకు తెలీదా?" అంది. బెంచీ మీది తల్లులు కూడా నన్ను దేవతను చూసినట్టు చూశారు. నేను మళ్లీ చెప్పాను. ఆమె మళ్లీ నవ్వింది.

పిల్లను ఎత్తుకుని లోపలికి వస్తూ, తలుపు దగ్గర ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఆపింది. కోపం లేదు ఆమెలో. ఉంటే బాగుండేది.

"ఇంగ సెప్పద్దులే అక్కా" అంది. "ఇంటికి పోయినాంక, నేనే నీతో ఇట్ల సెప్పించినా అంటారు."