అద్దాల గుంటకు చెక్ ట్రే

మా నాయన మైపాడు వైపు రొయ్యల గుంటల మీద బతికిన మనిషి. మతిమరుపు జబ్బు ముదిరాక నెల్లూరులో నా దగ్గర పెట్టుకున్నాను. ఆయనకు పొద్దుపోతుందని హాల్లో ఒక చేపల తొట్టి పెట్టించాను. అందులో గోల్డ్‌ఫిష్‌లు, కాసిని నీటి మొక్కలు. ఆ మొక్కల వెంటే నత్తలూ వచ్చాయని తర్వాత తెలిసింది.

మొదట ఆకు అడుగున జిగురు ముద్దలు కనిపించాయి. అవి గుడ్లని తెలియక వదిలేశాను. కొన్నాళ్లకే అద్దం మీద మినపగింజంత నత్తలు తిరగసాగాయి. పరికించి చూస్తే రెండు రకాలు. చపటగా చుట్టుకున్న గుల్లవి అద్దం మీద పాకుతాయి. కొనదేలిన గుల్లవి పగలంతా ఇసుకలో దాక్కుని, లైటు ఆర్పాక బయటికొస్తాయి. బడిలో పాఠాలు చెప్పి వచ్చి, వంట చేసి, గిన్నెలు తోమి, ఆ పైన నత్తలు ఏరుకోవాలి. ఏరినకొద్దీ పుట్టుకొచ్చేవి. విసుగుతో ఏడుపొచ్చేది.

చేపలమ్మే కొట్టతను ఫోనులో ఫొటో చూసి నవ్వాడు.

"మందు పోస్తే నత్తలు చస్తాయక్కా. అయ్యి కుళ్లి నీ చేపలూ చస్తాయి. మేత ఎవరు వేస్తుండారు? జాస్తి అయిపోతుండాది. మిగిలింది తినే ఇవి ఇంత పెరిగినాయి."

వేసేది నాయనే. గుంటకు రోజుకు నాలుగు మేతలు వేసిన చెయ్యి అది. వేసిన సంగతి మరిచిపోయి మళ్లీ వేస్తాడు. మేత డబ్బా బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆ రోజంతా ఆయన ఇల్లు వెతుకుతూనే ఉన్నాడు. అన్నం పెడితే పళ్లెం పక్కకు నెట్టేశాడు.

"గుంట పస్తుంటే నేనెట్టా తినేది?" అన్నాడు.

మర్నాడూ అదే వరస. నత్తలు పోవాలంటే ఆయనకు మిగిలిన ఒక్క పనీ పోవాలి. నాకు చేతకాలేదు. డబ్బా తెచ్చి చేతిలో పెట్టేశాను.

అప్పుడు గుర్తొచ్చింది చెక్ ట్రే. గుంటలో మేత చల్లినప్పుడు, వల బిగించిన పళ్లెంలో కూడా కొంచెం వేసి నీళ్లలోకి దించుతారు. కాసేపాగి పైకి లాగి చూస్తారు. ఖాళీ అయితే రొయ్య బాగా తింటున్నట్టు. మిగిలితే మేత తగ్గిస్తారు. మరీ మిగిలితే రొయ్యకు జబ్బేమోనని కంగారు పడతారు. నేనొక పాత సాసరుకు దారాలు కట్టి, రవంత మేత వేసి, తొట్టిలోకి దించాను.

కాసేపాగి, "ట్రే చూసి మేత వెయ్యి నాయనా" అన్నాను.

ఆయన దారం అందుకుని, నీళ్లు కదలకుండా నెమ్మదిగా లాగాడు. సాసరులో మేత అలాగే ఉంది, దాని మీద గుంపుగా నత్తలు.

"మిగిలుండాది. ఈ పూట ఆపాల" అని డబ్బాకు మూత పెట్టాడు. నేను నత్తల్ని బకెట్లోకి దులిపాను.

అప్పటినుంచి రోజూ ఇదే పని. డబ్బా తీస్తాడు, ట్రే లాగుతాడు, ఖాళీ అయితే కాస్త వేస్తాడు, మిగిలుంటే మూత పెట్టేస్తాడు. కాసేపటికి మళ్లీ మొదలు. నత్తలు పూర్తిగా పోలేదు గానీ బాగా తగ్గాయి. నా అలసటే తగ్గలేదు. బడి, వంట, ఆయన స్నానం, ఆయన బట్టలు. ఇంత చేసినా నన్ను పనిమనిషి అనుకుంటాడు. కూతురినని చెప్పీ చెప్పీ మానేశాను.

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి ఇద్దరం భోజనానికి కూర్చున్నాం. రెండు ముద్దలు తిన్నాక నాకు సయించలేదు. చెయ్యి పళ్లెంలోనే పెట్టుకుని ఊరికే కూర్చున్నాను. నాయన నా పళ్లెం కేసి చూశాడు. అంచు పట్టుకుని తన ముందుకు లాక్కున్నాడు. అన్నాన్ని వేలితో అటూ ఇటూ కదిపాడు. తర్వాత నా మొహంలోకి చూశాడు.

"ఏందమ్మా, ఇంత మిగిల్చినావు? ఒంట్లో బాగలేదా?"

ఇన్నాళ్లలో నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు.

"బాగలేదు నాయనా" అన్నాను.