మాదన్న తాత పడవలో ఉగ్గాని

భూమి ఒక పక్కకు ఒరిగి తిరుగుతోందంట. మా మాదన్న తాతకు చెయ్యి అందలేదు గానీ, అందుంటే ఎప్పుడో దాన్ని నిట్టనిలువుగా నిలబెట్టి, కింద చెక్కముక్క కూడా దోపేవాడు. ఎమ్మిగనూరులో మగ్గం నేసి నేసి తెచ్చుకున్న రోగం ఇది. ఆయన కళ్ల ముందు ఏదీ ఒరగకూడదు.

సారమ్మవ్వ శవపేటికను మోసుకుపోతుంటే దారికి అడ్డం నిలబడ్డాడు.

"ఆపండప్పా! ఎడమ పక్క ఒరిగింది."

"అవ్వకేం తెలుస్తాదిలే మాదన్నా!"

"నాకు తెలుస్తాది కదప్పా!"

మోసేవాళ్లలో పొట్టివాడి భుజం మీద తువ్వాలు మడత పెట్టాకే అవ్వ ముందుకు కదిలింది.

ఫోను అడ్డం తిప్పితే బొమ్మ కూడా తిరుగుతుందని తాతకు నేనే చూపించాను. తొమ్మిదో తరగతితో బడి మానేసిన నాకు అంతకుమించి తెలియదు. లోపల గోరంత సెన్సార్ ఉంటుందని, ఎటు ఒరిగినా అది పసిగడుతుందని ఫోన్ల రిపేరు షాపులో చెప్పారు. అంతే, తాతకు తనలాంటివాడు లోకంలో ఇంకొకడు దొరికాడు.

ముందు ఆ సెన్సార్‌ను ఒక రిమోట్ బొమ్మ విమానానికి పెట్టాడు. విమానం ఒరిగితే సెన్సార్ కనిపెట్టి రెక్కలను సరిచేయాలి. తాత సెన్సార్‌ను తలకిందులుగా అతికించాడు. ఆదోని పత్తి యార్డులో ఎగరేస్తే, కుడికి ఒరగగానే సెన్సార్ ఇంకా కుడికే తోసింది. విమానం బోర్లాపడి పత్తి కుప్పలో దిగబడింది.

"తాతా, నీ సెన్సార్ తాగినట్టుందే!"

"తాగలే. నేనే దాన్ని తలకిందులు సేసినా."

తర్వాత రిమోట్ బొమ్మ పడవ. దాని మీద ఒక పళ్లెం, పళ్లెం కింద సెన్సార్, రెండు చిన్న మోటార్లు. పడవ ఎంత ఊగినా పళ్లెం సమంగా ఉండాలి. సిమెంటు తొట్టిలో వదిలి, పళ్లెంలో బొరుగులు పోసి, నన్ను చీపురుతో అలలు లేపమన్నాడు. ఒక్క బొరుగు రాలినా మళ్లీ మొదటికే.

నాకు ఒళ్లు మండింది. పక్కింటి మద్దయ్య మామ చావుకు తయారై ఉంటే ఈయనకు పడవాటలు!

మామ కొడుకు ఈరేష్ పాత క్వారీ గుంతలో ఈతకు దిగి చచ్చిపోయాడు. ఏటా వాడు పోయిన దినం నాడు వాడికి ఇష్టమైంది పెట్టాలి. ప్రాణం పోయిన తావులోనే పెట్టాలని తల్లి హులిగమ్మ పట్టు. పోయినేడు ఈత రాని మామ కూడు పెట్టిన ఆకు పట్టుకుని దిగి మునిగిపోతుంటే జుట్టు పట్టి లాగారు. "ఈసారీ దిగుతా. తిరిగి రాకుంటే ఇంకా మంచిది" అంటున్నాడు.

ఆ దినం రానే వచ్చింది. క్వారీ దగ్గర గాలి పంచెలను ఎగరేస్తోంది. ఈరేష్‌కు ఇష్టమైన బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెట్టిన ఆకుతో మామ మోకాళ్ల లోతు దిగాడు. తాత పోయి ఆ ఆకు లాక్కుని పడవలో పళ్లెం మీద పెట్టాడు.

"ఇదేం ఆటప్పా మాదన్నా? నా కొడుకు కూడు అది!"

"ఒలికితే అప్పుడు దిగు. నేనూ నీతో దిగుతా."

తన కన్ను పళ్లెం మీదే ఉండాలని రిమోట్ నాకిచ్చాడు. అలలకు పడవ తూలింది, ఒరిగింది. పళ్లెం మాత్రం పీటలా నిలిచింది. గుంత నడిమికి చేరగానే హులిగమ్మత్త కేకేసింది. "ఈరేషా, సల్లారకముందే తినప్పా!"

ఎక్కణ్నించో కాకి వచ్చి పళ్లెం అంచున కూర్చుంది. పళ్లెం ఒరగబోయి మళ్లీ సమమైంది. కాకి బెదరకుండా బజ్జీకి ముక్కు పెట్టింది. మామ నీళ్లలోంచి బయటికొచ్చి, రాళ్ల మీద కూలబడి, అప్పుడు ఏడ్చాడు. కాసేపటికి అత్త తెచ్చిన గిన్నెలో మిగిలిన బజ్జీ ఒకటి అందుకున్నాడు.

నేను తాత చెవిలో అడిగాను. "కాకి తినింది గదా తాతా, ఈరేష్‌కు ముట్టినట్టేనా?"

"నాకేం తెలుసే? మద్దయ్య గట్టు మీదుండాడు, అది సాలు. పడవను ఎనక్కి తిప్పు, బ్యాటరీ అయిపోతాది."