పొడవైన పడవ కెప్టెన్

ఆ రోజుల్లో ‘తెలియదు’ అనే మాట నా నోటికి వచ్చేదే కాదు. పాతికేళ్లు నిండని వయసు, చేతిలో ఫోను, ఫోనులో నెట్టు. ఇక లోకంలో తెలియనిదేముంటుంది? నిజామాబాద్ జిల్లా నుంచి మస్కట్ వచ్చి రూవిలో ఒక పాత వస్తువుల దుకాణంలో సేల్స్‌మన్‌గా చేరాను. మా అర్బాబ్ (యజమానిని అక్కడ అలాగే అంటారు) పాత చెక్కపెట్టెలు, వెండి పిడుల బాకులు అమ్మేవాడు. ఆయనది సముద్రపు ఒడ్డునున్న సూర్. తాతముత్తాతలు ఓడలు కట్టినవాళ్లు. సామానుకు మెరుగుపెట్టేది మా జిల్లావాడే, పాలిష్ అన్న. నన్ను మాత్రం ఇంకా ఖాయం చేయలేదు. పనికొస్తే ఉంచుతాను, లేదంటే టికెట్ కొనిచ్చి ఇంటికి పంపుతాను అన్నాడు అర్బాబ్.

అలాంటి సమయంలో ఎవరో దేశం విడిచి వెళ్తూ అమ్మేసిన ఇంటి సామానులో ఒక పాత జపాన్ కత్తి వచ్చింది. దాన్ని చూడటానికి ఒక జపాన్ పెద్దమనిషి వారంలో వస్తానని కబురు పెట్టాడు. “యే కిస్కా హై? కౌన్ బనాయా?” అని ఎవరిదో, ఎవరు చేశారో అడిగాడు అర్బాబ్. “దేఖ్‌కే బోల్తా, అర్బాబ్” అన్నాను, అక్కడికి కత్తులు చూసి చెప్పడం నాకు రోజూ ఉండే పనే అన్నట్టు. చేసినవాడి పేరు పిడి లోపలి ఇనుము మీద చెక్కి ఉంటుందని, వంశముద్ర పైనున్న బిళ్లల మీద ఉంటుందని ఫోను చెప్పింది. వెదురు చీల తీసి పిడి ఊడదీస్తే నల్లని తుప్పులో నిలువుగా అక్షరాలు. అర్థం చెప్పమని ఫోను పైన పట్టాను. ‘పొడవైన పడవ’ అని వచ్చింది. (మిగతా అక్షరాల దగ్గర అది చేతులెత్తేసింది.)

పిడి మీది బిళ్లలో గుండ్రంగా మూడు రెక్కలున్నాయి. పాలిష్ అన్న వంగి చూసి, “గిది పంకా లెక్కుంది గదనె తమ్మీ” అన్నాడు.

“పంకా కాదన్నా. ఓడ ఎన్క నీళ్లల్ల తిరుగుతది సూడు, గది.”

పడవ, పడవ వెనక రెక్కలు. కత్తి ఒక ఓడ కెప్టెన్‌ది అని తేల్చేశాను. (అంత పాత కత్తి కాలానికి ఓడలకు ఆ రెక్కలే లేవన్న సంగతి ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.) ఓడ అనేసరికి అర్బాబ్ ముఖం వెలిగిపోయింది. ఆ వారమంతా దుకాణంలో కెప్టెన్ పెరుగుతూ పోయాడు. ఒకరోజు ఆయన ఓడ తుఫానులో చిక్కుకుంది. మర్నాడు పాలిష్ అన్న దాన్ని సూర్ ఒడ్డుకు చేర్చాడు. ఆ పై రోజు అర్బాబ్ తాత దానికి కొత్త పలకలు కొట్టి, కెప్టెన్‌ను ఇంటికి పిలిచి ఖర్జూరాలు, కాఫీ పెట్టాడు. ఇదంతా నేను ఇంగ్లీషులో బట్టీపట్టాను.

పెద్దమనిషి వచ్చాడు. కత్తికి తలవంచి నమస్కరించి, తెల్లటి గుడ్డతో పట్టుకున్నాడు. నేను ఊపిరి తీసుకోకుండా కథంతా అప్పజెప్పాను. ఆయన ఓపిగ్గా విని, “లాంగ్ బోట్ ఒక ఊరి పేరు. కత్తులు చేసే ఊరు. అక్కడ ఓడలుండవు” అన్నాడు. తర్వాత బిళ్ల మీద వేలు పెట్టి, “ఇది ఆకు. కుండీల్లో కూడా మొలుస్తుంది. ఎంత పీకినా పోదు. మా వంశమూ అలాగే ఉండాలని చాలా ఇళ్లవాళ్లు దీన్ని ముద్రగా పెట్టుకున్నారు” అన్నాడు.

అప్పుడు సరిగ్గా చూశాను. అచ్చం పులిచింతాకు. “సార్, చిన్నప్పుడు దీన్ని తినేవాళ్లం” అనేశాను. ఆయన కళ్లు మూసుకుని నవ్వాడు. పేరు తర్వాత ఎవరో చెక్కి ఉండొచ్చు గానీ ఉక్కు మాత్రం మంచిదని, వయసు చెప్పే ఆ తుప్పును తుడవనందుకు సంతోషమని అన్నాడు. పాలిష్ అన్న మెరుగుపొడి డబ్బాను మెల్లగా వీపు వెనక్కి జరిపాడు.

అర్బాబ్ కత్తి వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు. నా టికెట్ కళ్లముందు ఆడింది. చివరికి, “ఖలాస్. కెప్టాన్ మర్ గయా. చాయ్ లావ్” అన్నాడు. టీ తాగుతుంటే ముగ్గురికీ నిజంగానే దిగులేసింది. వారం రోజులు ఇంట్లో మనిషిలా తిరిగిన కెప్టెన్ పోయాడు కదా.

పెద్దమనిషి కత్తి కొన్నాడు. గుమ్మం దగ్గర ఆగి, నా వైపు తిరిగి చాలా గంభీరంగా అడిగాడు. “మీ కెప్టెన్‌కు పిల్లలున్నారా?”

“ఇద్దరు సార్” అన్నాను. ఆ క్షణం దాకా నాకూ తెలియదు.

ఆయన నవ్వు మెట్లు దిగేదాకా వినిపించింది. “యే రహేగా” (వీడు ఉంటాడు) అన్నాడు అర్బాబ్, పాలిష్ అన్నతో, నన్ను చూపించి.

ఇప్పుడు మస్కట్‌లోనే, ఘాలాలో ఒక గోడౌన్ నా చేతికింద నడుస్తోంది. ఎవరేమడిగినా “కనుక్కుని చెప్తాను” అంటాను. బాధ్యతగల మాటే. కానీ ఆ మాట విని ఇంతవరకు ఎవరూ నవ్వలేదు.