తెగిన నరం, బిగబట్టిన ఊపిరి

నెలకోసారి కొత్తగూడ క్లినిక్‌లో డాక్టరమ్మ నా కుడిచేతిని బల్లమీద వెల్లకిలా పెట్టించి, మణికట్టు దగ్గరి కుట్ల మచ్చ నుంచి అరచేతిలోకి వేలికొనతో చిన్నగా తడుతూ వస్తుంది. ఎక్కడిదాకా జివ్వుమంటే అక్కడిదాకా నరం మొలిచినట్టు. పోయినసారి ఆ జివ్వు అరచేతి మొదట్లోనే ఆగిపోయింది. ఈసారీ అక్కడే ఆగితే మళ్ళీ కోసి చూడాలంది.

గాజుగ్లాసు కడుగుతుంటే పగిలి తెగిన నరం అది. బొటనవేలూ, దాని పక్క రెండువేళ్ళూ ఎవరివో అరువు తెచ్చి తగిలించినట్టున్నాయి. మొన్న పొగలు కక్కే చాయ్ గ్లాసు పట్టుకుని పేపరు చదువుతుంటే మా ఆవిడ పరుగున వచ్చి లాక్కుంది. "ఏందయ్యా, వేళ్ళు కాలుతుంటే సప్పుడు చెయ్యవు? ఇన్నాళ్ళు నీ నాలుకకే నరం లేదనుకున్న!" నవ్వాను గానీ, బొబ్బలెక్కిన వేళ్ళు చూసి భయమేసింది.

ఏమీ తెలియనివాణ్ణయితే ఇంత భయపడేవాణ్ణి కాదేమో. కొత్తగూడలో ఫ్లైఓవర్ లేని రోజుల్లో, కిటికీలోంచి ఖాజాగూడ రాళ్ళు కనిపించే ఒక చిన్న ల్యాబ్‌లో నా ఉద్యోగమే తెగిన నరాల మీద. మత్తిచ్చి ఎలుక కాలినరం కోసేవాళ్ళం; కొన్నాళ్ళకు ఆ ముక్క తీసి, అందులో మైక్రో ఆర్ఎన్ఏలు ఏవి పెరిగాయో ఏవి తగ్గాయో చూసేవాళ్ళం. అవి కణంలో తిరిగే బుల్లి తునకలు. తాము ఏదీ తయారు చేయవు, తయారు చేయమని వెళ్ళే కబుర్లను దారిలో ఆపుతాయి. నా చిన్నప్పుడు మా మేనత్త వంటింటి గడప మీద కూర్చుని, ఫలానాది వండమని లోపలికి వెళ్ళే మాటల్ని ఆపేసేది, అచ్చం అలాగే. నరం తెగగానే వాటిలో కొన్ని దారి వదులుతాయి, కొన్ని కొత్తగా అడ్డం నిలుస్తాయి. అప్పుడే నరాన్ని చుట్టుకుని ఉన్న కణాలు రోజువారీ పని మానేసి, చెత్త ఎత్తి, కొత్త పోగుకు బాట వేస్తాయి.

ఆర్ఎన్ఏ మహా సుకుమారం. మన వేలి చెమటో నోటి తుంపరో తగిలితే చాలు, చిందరవందర. అందుకే మా ల్యాబ్‌లో గొట్టం మూత తీసేటప్పుడు అందరం ఊపిరి బిగబట్టేవాళ్ళం. బోరబండ నుంచి రైల్లో వచ్చే మా సీనియర్ అక్క నేర్పిన అలవాటది. చేరిన కొత్తలో నేను మూత తీసి అలవాటుగా ఉఫ్ అనబోతే, "ఏంది తమ్మీ, చాయ్ అనుకున్నవా, ఊదుకుంట తాగనీకి?" అని అందరి ముందూ కడిగేసింది. ఆ తర్వాత మాస్కు వేసుకున్నా సరే, గొట్టం ముందు నేనొక శిలావిగ్రహాన్నే.

మరిచిపోలేనివి మాత్రం ఎలుకల కాళ్ళే. తోక పట్టి ఎత్తితే, నరం అతికిన ఎలుక కాలివేళ్ళు విసనకర్రలా విప్పేది. లేత ఎలుకలు త్వరగా విప్పేవి. ముసలివాటిలో ఆ తునకల సద్దుబాటు ఆలస్యమయ్యేది, కొన్నిటికి వేళ్ళు ముడుచుకునే ఉండిపోయేవి. అప్పట్లో అలాంటి ఎలుక లెక్కకు కాగితం మీద ఒక గీత గీసి చాయ్‌కి వెళ్ళిపోయేవాణ్ణి. ఇప్పుడా ముసలి ఎలుకను నేనే.

ఇవాళ డాక్టరమ్మ తట్టడం మొదలుపెట్టింది. మచ్చ దాటింది. పాత చోటు దగ్గరికొచ్చింది.

"జర ఊపిరి తీస్కోండి సార్, ఎందుకంత పరేషాన్?" అంది.

అప్పటిదాకా బిగబట్టానని నాకే తెలియలేదు. పాత చోటు దాటి బియ్యపు గింజంత దూరాన, చీమ కదిలినట్టు జివ్వుమంది. నమ్మలేక మళ్ళీ తట్టమన్నాను. మళ్ళీ జివ్వుమంది. ఈ నెలకు కోత తప్పింది, వేళ్ళు ఇంకా చాలా దూరం.

ఇంటికొస్తూ ఆటోలోంచి చూస్తే, మా ల్యాబ్ ఉన్నచోట అద్దాల ఆఫీసు. ఇప్పుడక్కడి కిటికీల్లోంచి రాళ్ళు కాదు, ఎదుటి అద్దాలే కనిపిస్తాయి. ఆనాడు నా చెయ్యి తగిలి ఆ ఆర్ఎన్ఏ తునకలు పాడవుతాయని హడలిపోయేవాణ్ణి. ఈనాడు అవే చర్మం కింద, నాకు వినపడకుండా, ఈ చేతికి ఏం చేస్తున్నాయో ఏం మానేశాయోనని హడలుతున్నాను. చేతిని కళ్ళెదుట ఎత్తి పట్టుకుని, బొటనవేలు విప్పి చూశాను. సగం విప్పుకుంది. గీత గీసుకుని చాయ్‌కి వెళ్ళిపోయేందుకు ఇప్పుడు వీల్లేదు.