నావికులకు సముద్రం చూపించిన శనివారం

నేను పదవీ విరమణ చేయడానికి ఏడాది ముందు, డిసెంబరు మొదటి వారంలో, దక్షిణాఫ్రికా నుంచి బొగ్గు వేసుకుని ఒక ఓడ విశాఖపట్నం ఔటర్ హార్బర్‌కి వచ్చింది. దాని పని నాకు అప్పగించారు. అప్పటికి నేను ఒక ప్రైవేటు షిప్పింగ్ ఏజెన్సీలో సీనియర్ బోర్డింగ్ ఆఫీసర్‌ని.

ఈ ఉద్యోగం సంగతి బయటివాళ్లకు పెద్దగా తెలియదు కనుక రెండు ముక్కలు చెబుతాను. ఓడ యజమాని ఎక్కడో పరాయి దేశంలో ఉంటాడు. రేవులో అతని తరఫున కస్టమ్స్, ఇమిగ్రేషన్, పోర్టు కాగితాలు చూసుకునేది ఏజెన్సీ. ఓడ ఒడ్డుకు చేరగానే ఏజెన్సీ తరఫున మొదట మెట్లెక్కేవాడు బోర్డింగ్ ఆఫీసర్. మంచినీళ్లు కావాలన్నా, ఎవరికో పన్ను నొప్పి అన్నా, సిమ్ కార్డులు కావాలన్నా అతణ్ణే పిలుస్తారు. సిబ్బందికి ఊళ్లోకి వెళ్లే సెలవు, అంటే షోర్ లీవ్ దొరికితే, వాళ్లను తిప్పి వేళకు మళ్లీ ఓడ ఎక్కించడం కూడా అతని పనే. ఒక్క మనిషి వెనకబడినా ఏజెన్సీ మీదకు వస్తుంది.

ఆ తిప్పడంలో నాకు మంచి పేరుండేది. శని, ఆదివారాలకు నేను వేసిన ప్రణాళికలు ఆఫీసులో కొత్తవాళ్లకు నమూనాగా చూపించేవారు. ఎన్నింటికి బయలుదేరాలి, ఎక్కడ ఎంతసేపు ఆగాలి, ఏ హోటల్లో ఏం తినాలి, వర్షం వస్తే ఎటు మళ్లాలి, అన్నీ ఒకే కాగితం మీద టైపు చేసి గ్యాంగ్‌వే దగ్గర అంటించేవాణ్ణి. గ్యాంగ్‌వే అంటే ఓడకీ ఒడ్డుకీ మధ్య వేసే మెట్ల వంతెన. గొప్పకు చెప్పుకోవడం కాదుగాని, ఆ కాగితంలో పది నిమిషాల తేడా కూడా వచ్చేది కాదు.

శుక్రవారం కాగితాల పని పూర్తయ్యాక కెప్టెన్ నన్ను తన గదిలో కూర్చోబెట్టి తలుపు వేశాడు. ముగ్గురు సిబ్బందికి రెండు రోజులు షోర్ లీవ్ ఇస్తున్నానన్నాడు. ఇద్దరు డెక్ మీద పనిచేసే కుర్రాళ్లు, వాళ్ల సంగతి ఏమీ లేదు. మూడో మనిషి వంటవాడు ఇస్మాయిల్, రత్నగిరి వైపు వాడు. ఎనిమిది నెలలుగా ఇతను నేల మీద అడుగు పెట్టలేదు. ఒక రేవులో సెలవు ఇవ్వలేదు, ఇంకో చోట ఓడ నడి సముద్రంలోనే లంగరు వేసి సరుకు దించింది, మరో చోట అందరూ దిగారు గాని ఓడలో వంట ఆగకూడదని ఇతను ఉండిపోయాడు. నెల రోజులుగా సరిగా నిద్రపోవడం లేదు, మాట్లాడటం లేదు. ఒకసారి పొయ్యి మీద నూనె కాగుతుండగానే మరిచిపోయి డెక్ మీదకు వెళ్లి నిలబడ్డాడు.

ఈ రెండు రోజుల్లో మనిషి తేరుకోకపోతే ఇక్కడే సైన్ ఆఫ్ చేసి పంపించేయాల్సి వస్తుందని కెప్టెన్ చెప్పాడు. సైన్ ఆఫ్ అంటే ఒప్పందం మధ్యలో దించేయడం. అనారోగ్య కారణంతో దించితే అది మనిషి రికార్డులో ఉండిపోతుంది. ఆ మీదట ఏ కంపెనీ అయినా నాలుగుసార్లు ఆలోచిస్తుంది. ఇస్మాయిల్‌కు అప్పటికి నలభై ఏడేళ్లు, ఓడ వంట తప్ప వేరే పని తెలియదు. నిప్పు దగ్గర పనిచేసే మనిషి కనుక కెప్టెన్‌ని తప్పుపట్టడానికి కూడా లేదు.

నేను ధీమాగా చెప్పాను, ఆ సంగతి నాకు వదిలేయండి అని. ఇంటికి వెళ్లి నా చేతనైనంత మంచి ప్రణాళిక వేశాను. పొద్దున్న కైలాసగిరి, మీద నుంచి సముద్రమంతా కనిపిస్తుంది. తర్వాత బీచ్ రోడ్డు మీద మ్యూజియంగా మార్చిన జలాంతర్గామి. మధ్యాహ్నం పేరున్న హోటల్లో వంజరం వేపుడు, రొయ్యల ఇగురు, పీతల పులుసు. మూడింటికి ఋషికొండలో బోటు షికారు. సాయంత్రం ఆర్కే బీచ్‌లో మురీ మిక్స్చరు, మొక్కజొన్న పొత్తులు. ఆదివారం యారాడ బీచ్ వైపు. ఇంతకంటే ఏం కావాలి ఎవరికైనా?

వ్యాను నడిపేది అప్పారావు. పద్మనాభం మండలంలో ఒక ఊరు అతనిది. రోజూ తెల్లవారకముందే సిటీకి వచ్చి, పని అయ్యాక తిరిగి వెళ్లేవాడు. మా ఏజెన్సీకి పన్నెండేళ్లుగా బండి తిప్పుతున్నాడు. శనివారం పొద్దున్న నా కాగితం చూసి, తల ఊపి బండి తీశాడు.

కైలాసగిరి మీద కుర్రాళ్లిద్దరూ ఫోటోలు దిగారు. ఇస్మాయిల్ రెయిలింగ్ దగ్గర ఒక్క నిమిషం నిలబడి, వెనక్కి తిరిగి కొండ వైపు చెట్లను చూస్తూ కూర్చున్నాడు. జలాంతర్గామిలో ఇంకా ఘోరం. ఇరుకు దారిలో పది అడుగులు వేసి, లోపలి చిన్న వంటగది దగ్గర ఆగాడు. తర్వాత వచ్చే జనాన్ని తోసుకుంటూ వెనక్కి నడిచి బయటికొచ్చి ఫుట్‌పాత్ మీద కూలబడ్డాడు. చెమటలు పట్టేశాయి. నేను సోడా తెప్పించి ఇచ్చాను. హోటల్లో వంజరం ముక్క వంక చూసి ప్లేటు కుర్రాళ్ల వైపు జరిపాడు. పెరుగన్నం నాలుగు ముద్దలు తిన్నాడు. బోటు ఎక్కుతావా అంటే చేతులు జోడించాడు.

నిజం చెప్పాలంటే నాకు కోపమొచ్చింది. ఇంత శ్రద్ధగా చేస్తే ఈ మనిషికి పట్టింపే లేదే అనుకున్నాను. కెప్టెన్‌కి ఏం చెప్పాలో మనసులో వాక్యాలు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆరు కాకముందే వాళ్లను ఓడ దగ్గర దింపి, వ్యానులో ముందు సీట్లో కూర్చుని, ఈయనకి ఏం చూపించినా ఇంతే అని గొణిగాను. అప్పారావు బండి స్టార్టు చేయకుండా నా వైపు తిరిగాడు.

"ఒక మాటడగనా జోసెఫ్ సారూ, కోప్పడకండి. ఎనిమిది నెల్లు నీళ్లే సూసినోడిని తెచ్చి, మల్లీ నీళ్లే సూపిత్తన్నారేటండి? ఓడలోంచి దించీసి ఇంకో ఓడలోకి ఎక్కించినారు. సేపలు తిని మొగం మొత్తీసినోడికి సేపలే ఎట్టించినారు."

 మరి పొద్దున్నే చెప్పొచ్చు కదయ్యా అన్నాను.

"మీరు కాగితం రాసీసినారు కదండి. టైపు కొట్టీసిన కాగితం మీద నానేటి సెప్తాను?"

సిగ్గేసింది. వ్యాను దిగి మళ్లీ గ్యాంగ్‌వే ఎక్కాను. పైన సెయిలింగ్ బోర్డు మీద సుద్దతో కొత్త సమయం రాసి ఉంది. ఓడ కదిలే వేళ, సిబ్బంది తిరిగి రావాల్సిన వేళ ఆ నల్లబల్ల మీదే రాస్తారు. బొగ్గు దించడం అనుకున్నదానికంటే ముందే అయిపోతోంది. సోమవారం కదలవలసిన ఓడ ఆదివారం సాయంత్రం ఆరింటికే కదులుతుంది. షోర్ లీవ్ నాలుగింటికి ముగుస్తుంది. అంటే రెండు రోజుల్లో ఒకటి నేను పాడుచేశాను, రెండోది నాలుగింటి దాకానే.

ఇస్మాయిల్ వంటగదిలో బంగాళాదుంపలు తరుగుతున్నాడు. ఎదురుగా నిలబడి, రేపు నీకేం కావాలి అని హిందీలో అడిగాను. అతను చాకు ఆపి, నేను నిజంగానే అడుగుతున్నానా అన్నట్టు చూశాడు. చూడటానికేమీ వద్దు సాబ్ అన్నాడు. మట్టి మీద కూర్చోవాలని ఉందన్నాడు. ఇంకొకళ్లు వండిపెడితే తినాలని ఉంది, ఎనిమిది నెలలుగా నా వంటే నేను తింటున్నాను అన్నాడు. ఓడ రేవు విడిచిన రెండు వారాలకు ఆకుకూర అయిపోతుందట. ఆ తర్వాత ఉల్లి, దుంప, ఐసులో పెట్టిన చేప.

కిందికి వచ్చి అప్పారావుతో చెప్పాను. అతను ఏమాత్రం ఆలోచించలేదు. "మాయింటికి ఎలిపోదారండి. కోతలయిపోనాయి, కళ్లంలో పని ఉంది. మాది పైడితల్లి వండుతాది" అన్నాడు. మాది అంటే అతని భార్య.

ఒక చిక్కుంది. సిబ్బందిని నగర పరిధి దాటించాలంటే బోర్డింగ్ ఆఫీసర్ స్వయంగా పూచీ రాసివ్వాలి. ఓడ వెళ్లిపోయి మనిషి ఒడ్డున మిగిలితే అతణ్ణి తర్వాతి రేవుకు చేర్చే దాకా నాదే జవాబుదారీ. ఆ పూచీ నేను అంతవరకూ ఎన్నడూ రాయలేదు. ఆ సాయంత్రం రాసి సంతకం పెట్టాను. మా మేనేజరు ఫోన్ చేసి, రిటైరయ్యే ముందు ఈ తలనొప్పి మీకెందుకండీ అన్నాడు. చాలా సరైన మాటే.

ఆదివారం పొద్దున్న ఆరింటికి బయలుదేరాం. నాకు ఆరింటి పూజకు చర్చికి వెళ్లే అలవాటు, అది తప్పింది. సింహాచలం కొండ కింద నుంచి ఆనందపురం మీదుగా వెళ్లి ఏడున్నరకు అప్పారావు ఊరు చేరాం. వరి కోసిన మడులు, గట్ల మీద కందిచెట్లు. ఇస్మాయిల్ వ్యాను దిగి బూట్లు విప్పి, మేజోళ్లు వాటిలో కుక్కి, కోసిన మడిలోకి నడిచాడు. మోళ్లు గుచ్చుకుంటాయని అప్పారావు అరుస్తున్నా వినలేదు. గట్టు మీద కూర్చుని మట్టిబెడ్డ ఒకటి చేతిలో చిదుపుతూ చాలాసేపు ఉండిపోయాడు. కుర్రాళ్లిద్దరూ కళ్లంలో పనలు మోయడానికి పోటీపడ్డారు.

పైడితల్లి పెరట్లో పొయ్యి రాజేసింది. తోటకూర పులుసు, వంకాయ కూర, చోడి అంబలి, అంటే రాగి జావ, అందులోకి పచ్చి ఉల్లిపాయ. ఇస్మాయిల్ అలవాటు కొద్దీ చాకు అందుకుని కూర తరగబోయాడు. ఆమె చాకు లాక్కుంది. "నువ్ కూకో బాబూ. ఈ పూట నాను వండుతాను, నువ్ తిను" అంది. అతనికి తెలుగు రాదు, అయినా కూర్చున్నాడు. మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. పులుసులో ఏం వేశావని సైగలతో అడిగాడు. ఆవిడ ఒక్కొక్కటే చూపించింది. తిన్నాక వేపచెట్టు కింద నులక మంచం మీద వాలి, పదకొండున్నరకు నిద్రపోయాడు.

నా లెక్క ప్రకారం రెండింటికి బయలుదేరాలి. దారికి గంటన్నర, అరగంట మిగులు. రెండింటికి లేపడానికి వెళ్తే పైడితల్లి అడ్డొచ్చింది.

"ఎందుకు లేపుతారండి? ఎన్నాళ్లయిందో కన్ను మూసి, మొగం సూడండి ఒకసారి."

"ఓడ ఆగదమ్మా" అన్నాను.

"ఓడకి పెద్దాయనుంటాడు కదా. అడిగి సూడండి."

ముప్ఫై ఒక్క ఏళ్ల ఉద్యోగంలో ఏ కెప్టెన్‌నీ నేను గడువు పొడిగించమని అడగలేదు. మా వృత్తిలో అలా అడగడమంటే ప్రణాళిక వేయడం రాదని ఒప్పుకోవడమే. మంచం పక్కన నిలబడి చూశాను. నోరు తెరుచుకుని, ఒక కాలు మంచం కిందికి వేలాడేసి, ఒళ్లు తెలియకుండా పడుకుని ఉన్నాడు. కళ్లం దాకా వెళ్లి ఫోన్ చేశాను. ఎన్ని గంటలుగా నిద్రపోతున్నాడని కెప్టెన్ అడిగాడు. రెండున్నర గంటలు అన్నాను.  పైలట్ ఆరింటికి ఎక్కుతాడు, ఐదు దాటితే మీ పూచీ అని పెట్టేశాడు. ఓడను రేవు దాటించే పోర్టు ఉద్యోగి పైలట్. అతను ఎక్కాక ఎవరి కోసమూ ఆగడు.

మూడింటికి లేపాను. దారిలో సింహాచలం దగ్గర బళ్లు బారులు తీరి ఉంటే నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఐదుకు పది నిమిషాలుండగా పోర్టు గేటు చేరాం. అక్కడ ఇంకో పేచీ. బయలుదేరేటప్పుడు పైడితల్లి ఒక గోతాం నిండా ఆకుకూరలు కట్టి ఇచ్చింది. ఓడ మీదకు ఏ సరుకు వెళ్లాలన్నా కస్టమ్స్ అనుమతి ఉండాలి. కాగితం లేనిదే కుదరదని గార్డు గోతాం పక్కన పెట్టించాడు. అతని తప్పేమీ లేదు, నేనైనా అదే చేస్తాను. ఇస్మాయిల్ గోతాంలోంచి ఒక తోటకూర కట్ట తీసి, వేళ్లకు మట్టితో సహా చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. గార్డు అతణ్ణి ఎగాదిగా చూశాడు.

"ఒక కట్టకి కాగితమేటి లెండి, ఎల్లండి" అన్నాడు.

ఐదుకు రెండు నిమిషాలుండగా ముగ్గురూ గ్యాంగ్‌వే ఎక్కారు. మిగిలిన గోతాం మా ఇంటికి వచ్చింది, మూడు రోజులు ఆకుకూరే తిన్నాం.

వారం తర్వాత కెప్టెన్ నుంచి సందేశం వచ్చింది. వంటవాడు నిద్రపోతున్నాడు, సైన్ ఆఫ్ అవసరం లేదు అని రెండే ముక్కలు. ఇస్మాయిల్ మిగిలిన రెండు నెలలూ పూర్తిచేసి, మంచి రికార్డుతో ముంబయిలో దిగాడని తర్వాత తెలిసింది. ఒక్క రోజు ఒడ్డున ఉంటే మనిషి బాగైపోతాడని నేను చెప్పడం లేదు. అతనికి ఒక నిద్ర కావలసి వచ్చింది, అది దొరికింది.

ఆ మరుసటి వారం నుంచి రిటైరయ్యే దాకా కాగితం టైపు చేసే ముందు ఓడ ఎక్కి, ఏం కావాలని దిగేవాళ్లను అడగడం మొదలుపెట్టాను. జవాబులు రకరకాలుగా వచ్చాయి. ఒకతను క్షవరం అన్నాడు, ఒకతను బస్సులో కిటికీ సీటు అన్నాడు. సముద్రం చూపించమని ఒక్కడూ అడగలేదు. అంతకు ముందు ముప్ఫై ఏళ్లలో నేను కైలాసగిరి ఎక్కించి సముద్రం చూపించిన నావికులు కొన్ని వందల మంది ఉంటారు. వాళ్లంతా థాంక్యూ అనే చెప్పారు. నేను నమ్మాను.